ఒకటో తారీఖు లెక్క

తెనాలి బోసు రోడ్డులో బట్టల కొట్టు, బాపట్లలో సూర్యలంక దారిలో హోటలు, రేపల్లె పక్కన రొయ్యల మేత అమ్మే షాపు. ఇలాంటి వ్యాపారాలు నడిపేవాళ్లకు జీఎస్టీ తెలుసు, బ్యాంకు వడ్డీ పైసలతో సహా తెలుసు. జీతాల దగ్గరికొచ్చేసరికి మాత్రం చాలామందికి గల్లాపెట్టె కింద అరలోని పొడుగు నోటు పుస్తకమే దిక్కు. పేరు, దాని కింద అడ్వాన్సులు, పక్కన నాగాలు. ఒకటో తారీఖున కూడి, తీసివేసి, మిగిలింది చేతిలో పెట్టడం.

ఆ పుస్తకాన్ని చులకన చేయడానికి లేదు. పిల్లల ఫీజుకని మూడు వేలిచ్చి నెలకు ఐదొందల చొప్పున పట్టుకోవడం, సంక్రాంతి నెలలో ఆ ఐదొందలూ వదిలేయడం దానికి తెలుసు. అంత వెసులుబాటు ఏ సాఫ్ట్‌వేరుకూ చేతకాదు. కాకపోతే అందులో రాసేదీ ఒకరే, చదివేదీ ఆ ఒకరే.

మనుషులు పెరిగేకొద్దీ పుస్తకం చాలదు. పది మంది ఉంటే ఈఎస్‌ఐ, ఇరవై మంది ఉంటే పీఎఫ్. అందుకే మన ఊళ్లలో తొమ్మిది దగ్గర ఆగిపోయే కొట్లు కొన్ని కనిపిస్తాయి. పదో మనిషి కాగితం మీద బావమరిది షాపులో పనిచేస్తుంటాడు. ఈ లౌక్యం ఖర్చు ఆ పదో మనిషికి జబ్బు చేసినప్పుడు తెలుస్తుంది. ఈఎస్‌ఐ ఉంటే వైద్యంతో పాటు, చందా షరతులకు లోబడి, ఏడాదిలో 91 రోజుల దాకా జీతంలో 70 శాతం వస్తుంది.

ఇక ఈ జీతాల లెక్క ఎవరికి అప్పగించాలన్నది ప్రశ్న. కొట్లోని గుమాస్తాకే టాలీలో చేయమనడం ఒక దారి. నెలకింతని ఆడిటరు గారి ఆఫీసుకు ఇచ్చేయడం మరో దారి. చందా కట్టి ఫోన్లోనే నడిపే యాప్‌లూ వచ్చాయి. ఇరవై, ముప్ఫై మంది ఉన్న రైసుమిల్లుకు మా ఓటు ఆడిటరు ఆఫీసుకే. ఈఎస్‌ఐ, పీఎఫ్ చలానాలు మరుసటి నెల 15లోగా కట్టాలి, తప్పితే వడ్డీ పడుతుంది. ఆ తారీఖు రోజూ గుర్తుండేది వాళ్లకే. హాజరు పట్టీ, అడ్వాన్సుల లెక్క మాత్రం మిల్లు గడప దాటకూడదు. ఎవరు ఏ పూట వచ్చారో గుంటూరులోనో తెనాలిలోనో కూర్చున్న కుర్రాడికి ఎలా తెలుస్తుంది?

సాఫ్ట్‌వేరు చేసే మేలు ఒకటుంది. పుస్తకం ఎన్నడూ అడగని ప్రశ్న అది మొదటి రోజే అడుగుతుంది: నాగాకు కోత 30తో భాగించా, 26తో భాగించా? జీతం 14,000 అనుకుందాం. రెండు నాగాలకు 30తో అయితే 933 రూపాయలు పోతాయి, 26తో అయితే 1,077. తేడా 144. ఇన్నాళ్లూ యజమాని ఆ రోజు మనసును బట్టి తేలిపోయిన సంగతి ఇది. ఏ పద్ధతైనా సరే, ముందే చెప్పి, అందరికీ ఒకేలా పట్టుకుంటే పేచీ ఉండదు.

కోతల పేచీ ఇంకా పెద్దది. అదే 14,000కు పీఎఫ్ 12 శాతం 1,680, ఈఎస్‌ఐ 0.75 శాతం 105. చేతికొచ్చేది 12,215. "పద్నాలుగు వేలన్నారు గదండీ" అని మనిషి నిలబడిపోతాడు. యజమాని తన వంతుగా మరో 1,680 వేస్తున్నాడని, అందులో 1,166 పింఛను ఖాతాకు, 514 పీఎఫ్‌కు పోతాయని, ఈఎస్‌ఐకి 455 కడుతున్నాడని అతనికెవరూ చెప్పరు. తెలుగులో నాలుగు వరుసల చీటీ ఇస్తే సగం అనుమానం అక్కడే తీరుతుంది. యజమాని వాటాను కూడా జీతంలోంచే లాగేవాళ్లు ఆ చీటీ ఇవ్వడానికి ఎందుకు వెనకాడతారో వేరే చెప్పక్కర్లేదు.

2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన వేతన కోడ్‌కు మనుషుల సంఖ్యతో పని లేదు. నెల జీతం మరుసటి నెల 7లోగా ఇవ్వాలి. మానేసిన మనిషికి రెండు పనిదినాల్లో లెక్క తేల్చాలి. చెప్పాపెట్టకుండా మానేస్తారన్న భయంతో ఒక నెల జీతం బిగబట్టుకునే అలవాటు మన కొట్లలో పాతదే. ఆ భయం ఉత్తుత్తిది కాదు, సంక్రాంతికి ఊరెళ్లి తిరిగి రానివాళ్లూ ఉన్నారు. అయినా ఇకమీదట ఆ అలవాటుకు చోటు లేదు.

పని బయటికి ఇచ్చేటప్పుడు మరో చిన్న సంగతి చూసుకోవాలి. పీఎఫ్ నమోదులో మనిషి ఫోన్ నంబరుకు బదులు ఆఫీసు కుర్రాడు తన నంబరే వేసేస్తుంటాడు, ఓటీపీ కోసం మాటిమాటికీ ఫోన్ చేయలేక. అక్కడి నుంచి ఆ ఖాతా సమాచారమంతా కుర్రాడి ఫోనుకే వెళుతుంది. ఎవరి నంబరు వారిదే వేసి, ఆధార్ జతచేసి ఉంటే, పీఎఫ్ సంస్థకు ఒక్క మిస్డ్ కాల్ ఇస్తే నిల్వ ఎంతో మెసేజీ వస్తుంది. బేరం కుదుర్చుకునే రోజే ఆడిటరు గారితో ఈ మాట అనేయాలి.