పతకాల పట్టికలో లేని లెక్క

హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో భారత్‌కు 107 పతకాలు. అందరికీ కంఠస్థమే. అవి ఏ ఇళ్ల నుంచి వచ్చాయో ఎవరూ అడగరు. హెప్టాథ్లాన్ కాంస్యం అగసర నందినిది: టీ అమ్ముకునే తండ్రి బిడ్డ, తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థిని. నడక పోటీలో కాంస్యం గెలిచిన రామ్ బాబూ ఒకప్పుడు ఉపాధి హామీ కూలి.

గెలిస్తే దేశం బిడ్డలు. ఓడితే? 2021లో టోక్యో సెమీఫైనల్లో మహిళల హాకీ జట్టు ఓడగానే వందనా కటారియా ఇంటి ముందు టపాసులు కాల్చి, కులం పేరుతో తిట్టారని ఆమె కుటుంబం ఫిర్యాదు చేసింది.

నేనూ గురుకులంలో చదివినవాడినే. మాకు గ్రౌండ్ ఉండేది, పీఈటీ సారు ఉండేవాడు కాదు. మాలో ప్రతిభ లేదనకండి. మా హాస్టళ్లకు కోచ్‌లనూ, కడుపునిండా తిండినీ ఇవ్వండి. పతకాలు అప్పుడు లెక్కపెట్టండి.