అడుగుట నేర్వవలయును

అడుగనిదే అమ్మయైనను అన్నము పెట్టదని పెద్దలు చెప్పుదురు. అమ్మ విషయమున ఆ మాట కొంత అన్యాయము కావచ్చును గాని, ప్రభుత్వ కార్యాలయముల విషయమున అక్షరాల నిజము. మనము అడుగుట మాని సణుగుట నేర్చితిమి. మన హోసూరు ప్రాంతమున తెలుగువారి యిండ్ల అరుగులమీద ఏ సాయంకాలము కూర్చున్నను, “బడికి తెలుగు అయ్యవారిని వేయలేదు, పుస్తకములు రాలేదు, మన మాట వినువారు లేరు” అను మాటలే చెవిని బడును. ఇందు నిజమెంతయో, ఊహ యెంతయో తేల్చునది కాగితమొక్కటే. ఆ కాగితమును అడిగి తెచ్చుకొను విధము మన పిల్లలు బడిలోనే నేర్వవలయునని మా అభిప్రాయము.

మేము పొరుగున నున్న ఆంధ్ర రాష్ట్రమున ఉపాధ్యాయ శిక్షణ పొంది యిచ్చటికి వచ్చినవారము. వచ్చిన క్రొత్తలో మేమును అందఱివలెనే సణిగితిమి. ఒకసారి కోపము పట్టజాలక, సమాచార హక్కు చట్టము పేరు పైన పెట్టి, ఒక కార్యాలయమునకు తెలుగున నిండు పుట వ్రాసి పంపితిమి. “తెలుగు ఉపాధ్యాయులను ఏల నియమింపరు? ఈ నిర్లక్ష్యమునకు కారణమేమి?” అని గట్టిగా ప్రశ్నించితిమి. అది తిరిగి వచ్చినది. వ్రాసిన భాష చట్టము చెప్పిన భాష కాదనియు, అడిగినది సమాచారము కాదనియు అందు వ్రాసియుండెను. మొదట కోపము వచ్చినది. చట్టము తెఱచి చదివిన పిదప సిగ్గు వచ్చినది. తప్పు మాదే.

2005 అక్టోబరు 12 నుండి పూర్తిగా అమలునకు వచ్చిన ఆ చట్టము, ప్రభుత్వము వద్దనున్న దస్త్రములను చూచుటకును, నకళ్లు పొందుటకును పౌరులందఱికి హక్కు నిచ్చినది. తమిళనాడు అంతకు ముందే, 1997లోనే, ఇట్టి చట్టమును చేసికొనిన రాష్ట్రము. అయితే మనము అడుగవలసినది కార్యాలయమున ఉన్న వస్తువును: రిజిస్టరు, ఉత్తరువు, నివేదిక, లెక్క. “ఏల చేయలేదు” అను ప్రశ్నకు జవాబు కల్పించి చెప్పు బాధ్యత అధికారికి లేదు. కావున “ఈ పాఠశాలకు మంజూరైన తెలుగు ఉపాధ్యాయ పదవులెన్ని? ఫలానా తేదీనాటికి భర్తీయైనవెన్ని? అందుకు సంబంధించిన ఉత్తరువుల నకళ్లు ఇప్పింపుడు” అని వ్రాయవలయును. మొదటి తీరున అడిగినది తగవు; రెండవ తీరున అడిగినది దస్త్రము.

మేము రెండవ తీరున, తమిళమున, మిత్రులచేత దిద్దించుకొని మరల వ్రాసితిమి. నకళ్లు వచ్చినవి. పదవి మంజూరై ఖాళీగా నున్న మాట నిజమే. కాని దానిని నింపుడని మా పక్షమున పోయిన విన్నపము ఆ దస్త్రమున ఒక్కటియు లేదు. ఇన్నేండ్లు అరుగుమీద పలికిన మాటలలో ఒక్కటియు కార్యాలయపు గడప దాటలేదన్నమాట. ఆ కాగితము అధికారులకంటె మమ్మే ఎక్కువగా ఎత్తిపొడిచినది.

పద్ధతి కష్టమైనది కాదు. తెల్లకాగితముమీద ఆ శాఖయొక్క పౌర సమాచార అధికారి పేర వ్రాసి, పది రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటించిన చాలును. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి అదియు అక్కఱలేదు. ఎందుకు కావలయునో చెప్పవలసిన పనియు లేదు. ముప్పది దినములలో జవాబు రావలయును. గడువు దాటినచో, ఇచ్చు సమాచారమును ఉచితముగా ఇయ్యవలయును. రాకున్నను, వచ్చినది తృప్తి నియ్యకున్నను, ముప్పది దినములలోపల అదే శాఖలోని పై అధికారికి అప్పీలు చేయవచ్చును. అచ్చటను న్యాయము కానరానిచో తొంబది దినములలోపల రాష్ట్ర సమాచార కమిషనుకు పోవచ్చును. సరియైన కారణము లేక ఆలస్యము చేసిన అధికారికి దినమునకు 250 రూపాయల వంతున, 25,000 రూపాయలకు మించకుండ, కమిషను జరిమానా విధింపవచ్చును.

ఏ కార్యాలయమును అడుగవలయు ననునది మన ప్రాంతమున ముఖ్యమైన చిక్కు. హోసూరు 1965 అక్టోబరు 2 వఱకు సేలము జిల్లాలోనిది. ఆ పిదప ధర్మపురి జిల్లాలోనిది. 2004 ఫిబ్రవరి 9 నుండి కృష్ణగిరి జిల్లాలోనిది. తాతగారి నాటి భూమి కాగితమును వెదకువాడు ఈ మూడు పేర్లను గుర్తుంచుకొనవలయును. పట్టా, చిట్టా, అడంగలు వంటివి తహసీల్దారు కార్యాలయపు విషయములు. క్రయపత్రముల నకళ్లకు రిజిస్ట్రారు కార్యాలయమున వేఱు పద్ధతి, వేఱు రుసుము కలవు. పొరపాటున ఒకరికి వ్రాయవలసినది మఱొకరికి వ్రాసినను, అయిదు దినములలోపల తగిన కార్యాలయమునకు దానిని పంపవలసిన బాధ్యత వారిదేయని చట్టము చెప్పుచున్నది.

ఇక భాష మాట. ఈ చట్టము క్రింద దరఖాస్తును ఇంగ్లీషునగాని, హిందీనగాని, ఆ ప్రాంతపు అధికార భాషయందుగాని వ్రాయవలయును. మనకు అనగా తమిళము. దీనికి భిన్నముగ, రాజ్యాంగపు 350వ అధికరణము, కష్టనివారణకై చేయు విన్నపమును రాష్ట్రమున వాడుకలోనున్న ఏ భాషయందైనను సమర్పించు హక్కు నిచ్చినది. అనగా గోడు తెలుగున చెప్పుకొనవచ్చును. ఆ గోడునకు ఆధారమైన కాగితమును తెలుగున అడుగుటకు హక్కు లేదు. ఇది సరియైన ఏర్పాటు కాదని మా దృఢాభిప్రాయము. ఒక భాషవారు నూటికి పదునైదుగురైనను ఉన్న తావుల ముఖ్యమైన నియమములను, ప్రకటనలను ఆ భాషలోనికి అనువదింపవలయునని అల్పసంఖ్యాక భాషల రక్షణ పథకమున ఉన్నది. అట్టి తావులలో సమాచార దరఖాస్తును సయితము ఆ భాషయందు స్వీకరించుట న్యాయము. దానిని మనము కోరవలయును, కోరుచునే యుండవలయును.

అంతవఱకు చేతులు ముడుచుకొని కూర్చుండవలయునా? తెలుగుకొఱకు తమిళమున అడుగుట చిన్నతనమని కొందఱు పెద్దలు మాతో అన్నారు. వారి యభిమానమును మేము గౌరవింతుము; వారి తీర్పును అంగీకరింపము. తెలుగు చెప్పుకొని బ్రతుకువారము మేము. తమిళము నేర్చినందున మా తెలుగు తఱిగిపోలేదు. మన పిల్లలు తమిళమును బడిలో ఎట్లును చదువుచున్నారు. పరీక్షకై నేర్చిన ఆ భాష, మన బడి పదవిని అడుగుటకు పనికివచ్చినచో అంతకంటె సార్థకత యేమున్నది?

కావున మా పాఠశాలయందు పై తరగతుల వారిచేత ఏటేట ఒక దరఖాస్తయినను, తెలుగున ఆలోచింపజేసి తమిళమున వ్రాయింపవలయునని మేము కోరుచున్నాము. విద్యార్థులారా, సెలవులలో మీ తాతగారి వద్ద, అవ్వగారి వద్ద కూర్చుండుడు. వారికి ఏ కాగితము చిక్కలేదో, ఏ కార్యాలయమునుండి ఊరక తిరిగి వచ్చిరో వినుడు. వారికి తెలిసినది విషయము, మీకు తెలిసినది వ్రాత. రెండును కలిసినచో ఒక దరఖాస్తగును. తేదీ వేయుడు, ఒక నకలు మీయొద్ద ఉంచుకొనుడు, ముప్పది దినములు లెక్కపెట్టుడు.