పన్నెండు దాటితే చీల్చాలా?

గృహ కూడికలో పన్నెండు మంది దాటగానే దాన్ని రెండు చేయాలి. నగరాల్లోని మన సంఘాల్లో చాలాచోట్ల ఇదే నియమం. చీలకపోతే ఆ కూడికలో ఎదుగుదల లేదంటారు. నేను ఈ మాట ఒప్పుకోను.

ఈ పద్ధతికి సియోల్‌ను ఉదాహరణగా చూపిస్తారు. 1964లో అక్కడి ఒక సంఘ కాపరి యాంగీ చో ఆరోగ్యం దెబ్బతిని, ఒక్కరే మోయలేని భారాన్ని ఇళ్లలో కూడికలు నడిపే స్త్రీల చేతికి అప్పగించారు. తర్వాత ఆ సంఘం లక్షల్లోకి పెరిగింది. మనవాళ్లకు ఆ లక్షలే గుర్తున్నాయి. ఒక అలసిన కాపరి తన విశ్వాసులను ఒకరికొకరిని అప్పగించాడన్న సంగతి గుర్తులేదు.

మా కూడిక గురువారం రాత్రుళ్లు జరిగేది. మొదట్లో ప్రార్థన అవసరతలు చెప్పమంటే అందరివీ ఒకటే రకం: పిల్లల పరీక్షలు, మోకాళ్ల నొప్పులు, సొంతిల్లు. అసలు మాట గుమ్మం దగ్గర బయటపడేది. ఒకరోజు అందరూ టీ తాగి వెళ్లిపోతుంటే, చీకట్లో చెప్పులు వెతుక్కుంటున్న ఒక చెల్లి నా చెయ్యి పట్టుకుంది. "అక్కా, ఆయన మళ్లీ తాగుతున్నారు. ఎవరికీ చెప్పకండి" అంది. ఆ మాట గుమ్మం దాకా రావడానికి రెండేళ్లు పట్టింది. అక్కణ్నుంచి చాప మీదికి, అందరి మధ్యకి రావడానికి ఇంకో ఏడాది. ఆ రాత్రి ఎవరూ వాక్యం ఎత్తలేదు. ఒక పెద్దాయన లేచి వెళ్లి మంచినీళ్లు తెచ్చిచ్చారు, అంతే.

ఆ మూడేళ్లను ఏ లెక్కలో రాస్తారు? కొత్తగా ఎందరొచ్చారు, కానుక ఎంత అని అడిగే నివేదికలో దానికి గడి లేదు.

12వ శతాబ్దంలో ఇంగ్లండులోని రీవో మఠాధిపతి ఏల్రెడ్ ఆత్మీయ స్నేహం మీద ఒక పుస్తకమే రాశారు. స్నేహితుణ్ని ముందు ఎంచుకోవాలి, తర్వాత చాలాకాలం పరీక్షించాలి, ఆ తర్వాతే మనసులోకి రానివ్వాలి అంటారాయన. మనం ఆ పరీక్షాకాలం ముగిసేలోపే పేర్లు విడదీస్తున్నాం.

ఇంగ్లండు బోధకుడు జాన్ వెస్లీ కాలంలో కథ ఇంకోలా నడిచింది. 1742లో బ్రిస్టల్‌లో ప్రార్థనా మందిరం అప్పు తీర్చడానికి మనిషికి వారానికో పెన్నీ చొప్పున, పన్నెండేసి మందికి ఒకరు ఇల్లిల్లూ తిరిగి వసూలు చేసేవారు. అలా తిరిగినవాళ్లకు ఇళ్లలోపలి బతుకులు కనిపించాయి. తాను ఎన్నాళ్లుగానో వెతుకుతున్నది ఇదేనని వెస్లీకి అర్థమైంది. వసూళ్ల కోసం పుట్టిన గుంపు మనుషుల బాగోగులు చూసే గుంపయింది. మనమేమో సహవాసం కోసం మొదలుపెట్టి లెక్కల దగ్గర తేలాం.

ఎప్పుడూ అవే ముఖాలైతే ముఠా అవుతుంది, చాడీలు పుడతాయి అంటారు. నిజమే, పుడతాయి. రహస్యం బయటపెట్టడం స్నేహాన్ని చంపే పాపాల్లో ఒకటని ఏల్రెడే రాశారు. దానికి మందు నోరు అదుపులో పెట్టుకోవడం నేర్పడం. ప్రభువు శిష్యుల్ని ఇద్దరిద్దరిగా పంపలేదా అని కూడా అడుగుతారు. పంపాడు. కానీ వాళ్లు తిరిగి ఆయన దగ్గరికే వచ్చి, చేసినవన్నీ చెప్పుకున్నారని మార్కు సువార్తలోనే ఉంది. మీరు దాసులు కారు, స్నేహితులని ఆయన వాళ్లతో అన్నది చివరి రాత్రి, అన్నాళ్లు కలిసి తిరిగి, కలిసి తిన్నాక. కొత్త కూడిక కావాలంటే సిద్ధపడిన ఇద్దరిని పంపండి. మిగతావాళ్లను కూర్చోనివ్వండి.

మా కూడికలో మాత్రం నాలుగో ఏట రెండు కాగితాలు వచ్చాయి. ఆ చెల్లి పేరు ఒకదాంట్లో, నా పేరు ఇంకోదాంట్లో. మొన్న బజార్లో కనిపిస్తే కొత్త కూడిక ఎలా ఉందని అడిగాను. "బాగానే ఉందక్కా" అంది. అక్కడ దేని కోసం ప్రార్థన చేయమంటున్నావని అడిగితే, కాసేపు ఆగి, మోకాళ్ల నొప్పుల కోసం అంది.