యాత్రా విశేషములు: అండమాను రాజధానిలో చూడదగినవి, కొనదగినవి



మా డొంకూరు సముద్రపుటొడ్డున నిలిచి తూర్పుదిక్కు చూచు స్త్రీలలో అండమానుల పేరెరుగనివారు అరుదు. చేపలవేటకును, కూలిపనికిని, వ్యాపారమునకును మన తీరమువారు ఎంతోకాలముగా అచటికి పోవుచున్నారు. 2011 జనాభా లెక్కలనుబట్టి ఆ ద్వీపవాసులలో నూటికి 13 మంది తెలుగు మాతృభాషగా గలవారు. రాజధానియగు పోర్టుబ్లెయరునకు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురమని పేరు మార్చిరి. మావారి బడి సెలవులలో మేమచట మూడు దినములు గడిపితిమి. చూడదగినవెవ్వి, కొనదగినవెవ్వి, సంచిలో పెట్టుకొనరానివెవ్వి యనునది ఈ మాసము ముచ్చటింతుము.

విశాఖపట్టణమునుండి ఓడ అరుదుగను, చెన్నపట్టణము, కలకత్తాలనుండి తరచుగను కలదు. ఓడపై రమారమి మూడు దినములు పట్టును. చెన్నపట్టణమునుండి విమానమున రెండు గంటల పైచిలుకు. ఓడ నెక్కువారు అటుకులు, పులిహోర, నిమ్మకాయలు వెంటనుంచుకొనుట మేలు. గడియారము మనదే యైనను ద్వీపము మిక్కిలి తూర్పున నుండుటచే శీతకాలమున సాయంకాలము అయిదున్నరకే చీకటిపడును. కావున తెల్లవారగనే బయలుదేరవలెను.

మొట్టమొదట చూడవలసినది సెల్యులర్ జైలు. దీనిని 1896లో మొదలిడి 1906 నాటికి ముగించిరి. నడుమ నొక గోపురము, దానినుండి చక్రపు ఆకులవలె ఏడు బారులు, మూడేసి అంతస్తులు, మొత్తము 693 గదులు. ఒక్కొక్క గదిలో ఒక్కడే ఖైదీ. ఒక బారు ముఖము మరియొక బారు వీపును చూచునట్లు కట్టుటచే మనిషికి మనిషి మొగము కానరాదు. ఇప్పుడు మూడు బారులే మిగిలినవి. 1979లో దీనిని జాతీయ స్మారకముగా ప్రకటించిరి.

లోపలి ముంగిట ఖైదీలు త్రిప్పిన నూనెగానుగ నమూనాను చూచినపుడు మా అడుగు ముందునకు సాగలేదు. ఎద్దునకు బదులు మనిషిని కట్టి దినమునకు 30 పౌనుల కొబ్బరినూనె తీయుమనుచుండిరట. ఉద్దానపు ఆడువారికి ఈ లెక్క వేరుగ చెప్పనక్కరలేదు. నూటికి పైబడిన కాయల కొబ్బరి ఎండి, గానుగలో పడినగాని అంత నూనె రాదు. మనము పీచు కొట్టి, త్రాడు పేని కడుపు నింపుకొందుము. అచట ఆ పీచు కొట్టుటయే శిక్ష. 1922–24 మన్యపు పోరాటమున అల్లూరి సీతారామరాజుగారి వెంట నడచినవారిలో కొందరిని ఈ ద్వీపములకే పంపిరి. కాకినాడ బాంబు కేసున శిక్షపడిన ప్రతివాది భయంకరాచారిగారు ఈ జైలులోనే యుండిరి. 1933లో ఖైదీలు నిరాహారదీక్ష పూనగా, బలవంతముగా పాలు పోయుటచే మహావీరసింగు, మోహన్‌కిశోర్ నమోదాస్, మోహిత్ మైత్రా యను మువ్వురు ప్రాణములు విడిచిరి. సుందరకాండ పారాయణము చేయు మనకు ద్వీపనగరమనగనే బంగారు మేడలకంటె ముందు చెట్టుక్రింద చెరనున్న తల్లియే స్ఫురించును గదా! ఈ నగరమును చూచునపుడును ఆ వరుసయే తగినది.

అబర్డీను రేవునుండి చిన్న పడవపై రాస్ ద్వీపమునకు పోవచ్చును. 2018లో దీనికి నేతాజీ సుభాష్‌చంద్రబోస్ ద్వీపమని పేరిడిరి. 1858 మొదలు దొరలు ఇచట నివసించియే ఈ ద్వీపములనెల్ల ఏలిరి. నేడు వారి విందుశాలను, ప్రార్థనామందిరమును చెట్లవేళ్లు పెనవేసికొన్నవి. జింకలు నిర్భయముగ తిరుగుచున్నవి. తీరిక గలవారు 1883లో స్థాపించిన చాతాము రంపపు మిల్లును చూడవచ్చును.

ఇక బేరముల సంగతి. గడియారపు స్తంభము చుట్టునున్న అబర్డీను బజారే ముఖ్యమైన అంగడివీధి. జంగ్లీఘాటు వైపున మన తెలుగుమాట ధారాళముగ వినవచ్చును. ఎఱ్ఱని పడాకు కొయ్యతో చేసిన పెట్టెలు, పళ్లెములు అందమైనవి. ఆ చెట్టు మన ఎఱ్ఱచందనమునకును, వేగిసకును దాయాది. ప్రభుత్వము నడుపు సాగరికా విక్రయశాలలో ధర నిలుకడగ నుండును, రసీదు నిత్తురు. గవ్వల విషయమున మాత్రము జాగ్రత్త వలయును. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద పగడపు దిబ్బల జీవులును, రాకాసి ఆలిచిప్ప మొదలగు పెక్కు జాతులును రక్షితములు. తీరమున పడియున్న తెల్లని పగడపు తునక యైనను తీయరాదు. ప్రయాణమున సామాను సోదా చేయుదురు. అది మన నవరత్నములలోని ఎఱ్ఱపగడమును కాదు. తెచ్చినను నగలో పొదుగుటకు పనికిరాదు. పిల్లలకు ముందుగనే చెప్పియుంచుడు.

అంగడులలో మమ్ము మిక్కిలి ఆలోచింపజేసినవి కొబ్బరిచిప్పతో చేసిన గరిటెలు, గిన్నెలు, దీపపు కుదుళ్లు. మన యిండ్ల పొయ్యిలో పెట్టు చిప్పయే అచట అద్దాల బీరువాలో కూర్చున్నది. మేము ఒక్క గరిటె మాత్రము కొంటిమి, నగకు కాదు, నమూనాకు. ముదురుకాయ చిప్పపై పీచంతయు గీకి, గరుకు కాగితముతోను, పిదప నున్నని కాగితముతోను రుద్ది, కొబ్బరినూనె పూసినచో నిగనిగలాడును. సన్నని రంపము, ఆకురాయి, ఓపిక తప్ప వేరు పెట్టుబడి లేదు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానపు కొబ్బరితోటలను నేలమట్టము చేసినది. క్రొత్తగ నాటిన మొక్క కాపునకు వచ్చుటకు ఏండ్లు పట్టును. అట్టియెడ మిగిలిన చెట్టు కాయలో నీరు, కొబ్బరి, పీచు, చిప్ప అన్నిటికిని వెల కట్టుకొనవలసినది మనమే. పొదుపు సంఘములలోని సోదరీమణులు పదిమంది కూడి ఈ పని నేర్చినచో మగవారు వలసపోయిన దినములలో ఇంటికి కొంత ఆసరా యగును. ఈ పని యెరిగినవారు మీలో నెవరైన నున్నచో ఈ పత్రికకు వ్రాసి తక్కినవారికిని నేర్పగోరుదుము.