వాల్వ్ ఆపరేషన్‌కు పథకం ఉంది.. మరి 21 రోజుల ఇంజెక్షన్ సంగతేంటి?

మెట్లెక్కితే ఆయాసం. రాత్రి పడుకుంటే దగ్గు. పాతికేళ్ల అమ్మాయికి ఇలా ఉంటే రక్తం తక్కువేమో అనుకుంటారు. గర్భిణి అయితే 'ఈ సమయంలో మామూలే' అని సర్దిచెబుతారు. ఎకో పరీక్ష చేస్తే గుండెలో మైట్రల్ వాల్వ్ దారి ఇరుకైందని తేలొచ్చు. మన దేశంలో దీనికి ప్రధాన కారణం రుమాటిక్ గుండె జబ్బు.

అసలేం జరుగుతుంది?

ఇది ఎక్కువగా 5-15 ఏళ్ల మధ్య గొంతునొప్పితో మొదలవుతుంది. స్ట్రెప్టోకాకస్ బ్యాక్టీరియా వల్ల వచ్చిన ఆ నొప్పికి సరైన చికిత్స అందకపోతే, కొందరు పిల్లల్లో రెండు మూడు వారాలకు జ్వరం, ఒక కీలు నుంచి మరో కీలుకు మారే నొప్పులు వస్తాయి. కీళ్లు కోలుకుంటాయి. వాల్వ్ మీద మాత్రం మచ్చ మిగిలిపోవచ్చు. జ్వరం తిరగబెట్టిన కొద్దీ నష్టం పెరుగుతుంది.

దాన్ని ఆపేది బెంజథీన్ పెన్సిలిన్ ఇంజెక్షన్. మన దగ్గర సాధారణంగా 21 రోజులకోసారి వేస్తారు. వాల్వ్ దెబ్బతిన్నవారికి కనీసం పదేళ్లు, చాలామందికి 40 ఏళ్లు వచ్చేదాకా అవసరం.

లోపం ఎక్కడ?

తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఏపీలో ఎన్టీఆర్ వైద్య సేవ కింద అర్హులకు వాల్వ్ ఆపరేషన్లు జరుగుతున్నాయి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బడి పిల్లల్లో ఈ జబ్బునూ గుర్తించాలి. కానీ గుర్తించాక ఏళ్ల తరబడి తేదీ తప్పకుండా ఇంజెక్షన్ వేయించుకునే బాధ్యత కుటుంబం మీదే పడుతోంది. ఎలర్జీ భయంతో వేయడానికి వెనకాడే క్లినిక్‌లూ ఉన్నాయి. ఖరీదైన ఆపరేషన్ దాకా రాకుండా ఆపే చవకైన మందు ఇక్కడే జారిపోతోంది.

మీరేం చేయాలి?

• 21 రోజులకోసారి ఫోన్‌లో అలారం పెట్టుకోండి. బాగున్నామని ఇంజెక్షన్ మానొద్దు. ఆపరేషన్ అయ్యాక కూడా కొనసాగించాలేమో డాక్టర్‌ను అడగండి.

• మెటల్ వాల్వ్ ఉంటే రక్తం పలచబరిచే మాత్ర జీవితాంతం వాడాలి. ఐఎన్ఆర్ పరీక్ష క్రమం తప్పకుండా చేయించుకోండి. ఆకుకూరలు మానక్కర్లేదు, కానీ వారం వారం తినే మోతాదు ఒకేలా ఉండాలి.

• పన్ను తీయించుకునే ముందు మీ వాల్వ్ సంగతి డెంటిస్ట్‌కు చెప్పండి.

• గర్భం ప్లాన్ చేసుకునే ముందే గుండె డాక్టర్‌ను కలవండి.

ఈసారి ఆస్పత్రికి వెళ్లినప్పుడు ఒక్క ప్రశ్న తప్పకుండా అడగండి: 'నా తర్వాతి ఇంజెక్షన్ ఏ తేదీన, ఎక్కడ వేస్తారు?' జవాబు చీటీ మీద రాయించుకుని రండి.