అరిగిన రంగుల విలువ

అరచేతిలో ఇమిడిపోవు చిన్న చెక్కబొమ్మకు లక్షల రూపాయలు వెచ్చించువారిని చూచి నవ్వువారు లోకమున లేకపోలేదు. అయితే నవ్వదగినది ఆ వ్యయము కాదు. ఆ బొమ్మ ఎందులకు పుట్టినదో, ఎన్ని యేండ్లు ఎవరి నడుమున వ్రేలాడినదో తెలిసికొనక, అడుగున చెక్కిన పేరు మాత్రము చదివి కొనుట నవ్వదగినది. జపాను దేశపు పాత నెత్సుకె బొమ్మలను సేకరించువారిలో పలువురకు ఈ జాడ్యము కలదు.

కిమోనోకు జేబులు లేవు. ఎడో యుగమున, అనగా 1603 మొదలు 1868 వఱకు, ఆ దేశపు పురుషులు పొగాకు తిత్తిని, డబ్బు సంచిని, మందుల బరిణెను త్రాటికి కట్టి నడికట్టునుండి వ్రేలాడదీసికొనెడివారు. మన పెద్దలు పొగాకును, చిల్లర డబ్బులను రొంటిని దోపుకొనుట వంటిదే యిది. త్రాడు మాత్రము అదనము. ఆ త్రాటిని నడికట్టు వెనుకగా పైకి తీసి, జాఱిపోకుండ దాని కొనకు ఒక బొమ్మను కట్టుదురు. అదియే నెత్సుకె. ఆ పేరు వ్రాయు రెండక్షరములలో మొదటిదానికి వేరు అనియు, రెండవదానికి తగిలించుట అనియు అర్థము.

ఈ చిన్న పనియే ఆ శిల్పమునకు శాస్త్రమైనది. నెత్సుకెకు వాడియైన కొసలు ఉండరాదు. ఉన్నచో పట్టుబట్ట చిరుగును. కోతి తోక యైనను, కొంగ ముక్కైనను మేనికి ముడుచుకొని యుండవలెను. ఏ వైపు త్రిప్పినను చేతికి తగులును గనుక అడుగుభాగమును సైతము శ్రద్ధతో చెక్కవలెను. త్రాడు దూర్చుటకు రెండు రంధ్రములు కావలెను. ముడి దాగుటకై వానిలో నొకటి తఱచుగా పెద్దదిగా నుండును. ఇన్ని కట్టుబాట్లకు లోబడి ముసలివాని నవ్వును, నిద్రించు ఎలుక వెన్నును చూపిన ఆ పనివారు మహాకావ్యము వ్రాయలేక చాటుపద్యముతో సరిపెట్టుకొన్నవారు కారు. చాటువు చెప్పుటయే వారెఱిగిన విద్య.

వీనిలో రంగులు పూసిన చెక్క నెత్సుకెల కథ మఱింత ముచ్చటైనది. 18వ శతాబ్దమున ఒసాకా నగరమున యోషిమురా షూజాన్ అను చిత్రకారు డుండెను. కానో సంప్రదాయమునకు చెందినవాడు. హినోకి అను మెత్తని కఱ్ఱతో చైనా పురాణములలోని సిద్ధులను, వింత మృగములను చెక్కి, వానికి రంగులు వేసెడివాడు. కఱ్ఱ మెత్తనిది, రంగు నిలుకడ లేనిది. నడికట్టు ఒరసిన చోట, బొటనవ్రేలు తగిలిన చోట రంగు పోయి క్రింది కఱ్ఱ బయటపడును. ముడుతల లోతులలో మాత్రము ఎఱుపో, ఆకుపచ్చయో కొంత దాగియుండును. చేయి ఎచ్చట పడునో అచ్చటనే అరిగిన ఈ అరుగుదలను మోసగాడు కల్పించుట అంత సులభము కాదు. అందువలన పరీక్షకుడు మొదట చూడవలసినది దీనినే.

1781లో ఒసాకా వర్తకుడు ఇనాబా త్సూర్యూ 'సోకెన్ కిషో' అను గ్రంథమును ప్రకటించెను. నిజమునకది ఖడ్గముల అలంకారములను గూర్చినది. అయినను అందు యాభైకి పైగా నెత్సుకె శిల్పుల వివరములు చేర్చబడినవి. షూజానుకు అందు గౌరవస్థానము కలదు. అట్టి షూజాన్ తన బొమ్మలపై పేరు చెక్కలేదు. తరువాతి కాలమున ఆ పేరుతో ఎన్నియో రంగుల బొమ్మలు అంగళ్లకు వచ్చినవి. వానిలో కొన్ని ఆ పేరే గల వేఱు శిల్పుల పని. మఱికొన్ని వట్టి వంచన. చేవ్రాలు లేకుండుటయే గుర్తుగా గల శిల్పికి చేవ్రాలు కల్పించి అమ్మినవాడు జాణ. కొన్నవానిని ఏమనవలెనో!

చేవ్రాలునకు విలువయే లేదనుట అతివాదము. ఫ్రెడరిక్ మైనర్ట్స్‌హాగెన్ అను ఆంగ్లేయుడు తాను పరిశీలించిన నెత్సుకెలను కార్డులపై వర్ణించి భద్రపఱచెను. బ్రిటిష్ మ్యూజియమునకు చేరిన ఆ కార్డులు 1986లో గ్రంథరూపమున వెలువడినవి. శిల్పుల పేర్లే లేకున్న ఆ విద్య అంత దూరము సాగెడిది కాదు. కాని పేరు బొమ్మను చూచుటకు తోడ్పడవలెనే గాని, చూచుట మాన్పరాదు.

ఇంతకంటె పెద్ద అపచారము మఱొకటి కలదు. రంగు వెలసిన బొమ్మకు కొత్త రంగు పూసి, మెఱుగుపెట్టి, బాగుపఱచితినని సంతోషించుట. రాలుచున్న రంగును నిలుపుట వేఱు. లేని రంగును తెచ్చిపెట్టుట వేఱు. తాళపత్రమున చెదలు తిన్న అక్షరములను తన ఊహతో పూరించి, పూరించితినని చెప్పని పండితునకును ఇతనికిని భేదమేమి? తుడిచివేయబడినది మఱక కాదు, నూఱేండ్ల వాడుక.

దంతపు నెత్సుకెలే గొప్పవను భ్రమ యొకటి పాశ్చాత్యులలో చాలకాలము సాగినది. 1989లో ఏనుగుదంతముపై అంతర్జాతీయ వాణిజ్య నిషేధమునకు నిర్ణయము జరిగినది. బ్రిటన్ 2018లో చేసిన దంతచట్టము 2022లో అమలునకు వచ్చి, పాత వస్తువుల విక్రయమును సైతము కట్టడి చేసినది. ఇది కళకు అన్యాయమని వాపోవు సేకర్తలు కలరు. వారి చూపు చెక్కబొమ్మలవైపు మఱలినచో ఆ చట్టము ఏనుగులతోపాటు కళకును మేలు చేసినట్లే.

1868 తరువాత జపానీయులు కోటులు, పంట్లాములు తొడుగ మొదలిడిరి. జేబులు వచ్చినవి, సిగరెట్టు వచ్చి పొగాకు తిత్తిని త్రోసివేసినది. పని పోయిన నెత్సుకెలు ఓడలెక్కి యూరప్ చేరినవి. అట్లు చేరినవానిలో 264 బొమ్మలను పారిస్ నగరమున షార్ల్ ఎఫ్రూసీ కొని, 1899లో వియన్నాలోని తన పినతండ్రి కుమారునకు పెండ్లి కానుకగా పంపెను. వాని చరిత్రను ఆ వంశీయుడైన ఎడ్మండ్ డి వాల్ 2010లో గ్రంథముగా వ్రాసెను. ఆ యింట తల్లి అలంకరించుకొనుచుండగా పిల్లలు అద్దాల బీరువానుండి బొమ్మలు తీసి, తివాసిపై పఱచి ఆడుకొనెడివారట. సేకరణ కిట్టి గతి పట్టుట అదృష్టము. అవి మఱల చేతులలో బడినవి.

1938లో నాజీలు ఆ భవనమును ఆక్రమించి చిత్రపటములను, వెండిని, గ్రంథములను పట్టుకొనిపోయిరి. అన్నా అను పరిచారిక వారి కన్నుగప్పి, కొన్నికొన్నిగా నెత్సుకెలను తన ఏప్రను జేబులో వేసికొని, పఱుపులో దాచెనని డి వాల్ వ్రాసెను. జేబు లేని దుస్తుల కొఱకు పుట్టిన బొమ్మలను చివరకు ఒక పనిమనిషి జేబు కాపాడినది. యుద్ధము ముగిసిన పిమ్మట ఆమె వానిని ఆ యింటి కుమార్తె కప్పగించెను. అనంతరము అవి టోక్యోకు పోయి, అటనుండి డి వాల్ చేతికి వచ్చినవి. 2018లో అతడు వానిలో 79 బొమ్మలను శరణార్థుల సహాయార్థము వేలము వేయించి, మఱికొన్నింటిని వియన్నాలోని యూదుల మ్యూజియమునకు చాలకాలము ఉంచుకొనుటకై యిచ్చెను.