తెర చీకటైతే కంప్యూటర్ పోయినట్టేనా?

ల్యాప్‌టాప్ మీట నొక్కారు. లోపల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. తెర మాత్రం నల్లగా ఉంది. “ఇంక ఇది పనికిరాదు, కొత్తది కొనాల్సిందే” అంటారు ఇంట్లో పెద్దవాళ్లు. ఆ మాట ఒప్పుకునే ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. గదిలో దీపాలార్పి, టార్చిలైటు వెలుగును తెరమీద ఏటవాలుగా వేసి దగ్గరగా చూడండి. అక్షరాలు మసకమసకగా కనిపిస్తున్నాయా? అయితే మీ కంప్యూటర్ పనిచేస్తూనే ఉంది!

ఇందులో మాయ ఏమీ లేదు. తెరలోని ద్రవస్ఫటికాలకు సొంత వెలుగు లేదు. కాంతిని ఆపడం, పోనివ్వడం మాత్రమే వాటి పని. వెలుగునిచ్చేది వాటి వెనుకనున్న దీపం. దాన్నే బ్యాక్‌లైట్ అంటారు. అది ఆరిపోతే బొమ్మ ఉన్నా మనకు కనిపించదు. ఓఎల్ఈడీ తెరల సంగతి వేరు. వాటిలో ప్రతి చుక్కా తానే వెలుగుతుంది కనుక ఈ పరీక్ష వాటికి పనికిరాదు.

మరి దీపం ఎందుకు ఆరింది? తేలికైన కారణం నుంచి వెదకడమే శాస్త్రీయ పద్ధతి. ముందు, వెలుగు బాగా తగ్గించి పెట్టారేమో చూడండి. మూత కదిపినప్పుడు తెర మిణుకుమంటే, బందు దగ్గర తీగ నలిగిందని అనుమానించాలి. అదీ కాకపోతే చిన్న ఫ్యూజు పోయి ఉండవచ్చు, దీపానికి విద్యుత్తునందించే భాగం చెడి ఉండవచ్చు, లేదా దీపాలే పోయి ఉండవచ్చు.

ఇక్కడొక హెచ్చరిక. ల్యాప్‌టాప్‌ను మీరు విప్పకండి. పాతవాటిలో సన్నని గాజుగొట్టం దీపం ఉంటుంది. దానికి వందల వోల్టుల విద్యుత్తు అందుతుంది. గొట్టంలో కొద్దిగా పాదరసమూ ఉంటుంది. పరీక్షించడం మీ వంతు, విప్పడం తెలిసిన మెకానిక్ వంతు.

“బాగుచేయించే ఖర్చుకు కొత్తదే వస్తుంది” అనేవారున్నారు. తెర మొత్తం మార్చాల్సి వస్తే ఒక్కోసారి అది నిజమే కావచ్చు. కాని జబ్బేమిటో తెలియకుండా ఖర్చెంతో ఎలా తెలుస్తుంది? పోయింది ఒక్క ఫ్యూజే అయితే, దానికోసం యంత్రమంతా చెత్తలో పారేయడం న్యాయమా? అందులోని మీ పాఠాలు, ఫోటోలు ఏమైపోవాలి?

పరీక్షించకుండా తీర్పు చెప్పకూడదని సైన్సు పుస్తకంలో చదువుతాం. ఆ మాటను ఇంట్లోనూ పాటించాలని నా అభిప్రాయం. మీ బడిలో మూలనపడ్డ ల్యాప్‌టాప్ ఏదైనా ఉందా? సైన్సు మాస్టారిని అడిగి, రేపే ఒక టార్చి పట్టుకెళ్లండి.